సెగ చూపిన తోలు, బోల్టు బిగించిన ఫైబర్

లేపాక్షి వీరభద్రాలయం రంగమండపంలో స్తంభాల మీద ఒక కచేరీ నడుస్తూ ఉంటుంది. రంభ ఆడుతుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, నంది హుడుక్క పట్టుకుంటాడు, తుంబురుడి చేతిలో వీణ. పెనుకొండలో విజయనగర రాజుల కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ 1530లలో కట్టించిన గుడి ఇది. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరం. ఇన్నేళ్లలో ఆ మద్దెల మూత సడలింది లేదు, దాన్ని మళ్లీ బిగించాల్సిన పని ఎవరికీ పడలేదు. అదే గుడి దాటి ఏ ఊరి జాతరకైనా వెళ్లండి. తప్పెట (డప్పు) మోగాలంటే ముందు మంట వెయ్యాలి. ఎండుగడ్డి, అట్టముక్కలు, చేతికి దొరికిన చితుకులు పోగేసి అంటిస్తారు. నలుగురూ చుట్టూ చేరి తప్పెటలను సెగకు వాల్చి తిప్పుతారు. మధ్యమధ్య వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఆ పావుగంటా ఊరంతా ఎదురుచూడాలి.

ఆ పావుగంట గురించే ఈ వ్యాసం. ఈ మధ్య అది కనబడకుండా పోతోంది. ఇనుప చట్రం, దాని మీద తెల్లటి ఫైబర్ మూత, చుట్టూ నట్లు, బోల్టులు, జేబులో ఒక స్పానర్. సడలితే రెండు తిప్పులు తిప్పితే చాలు. మంట లేదు, పొగ లేదు, ఎదురుచూపు లేదు. దీన్ని చూసి బాధపడేవాళ్లున్నారు. ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉన్నారు. రెండు వైపుల మాటలకూ బరువుంది. ఒక వైపు మాటలు మాత్రం పుస్తకాల్లోకీ సభల్లోకీ ఎక్కువగా వస్తాయి, రెండో వైపు మాటలు మోసేవాడి భుజం మీదే ఉండిపోతాయి. అందుకే తూకం వేసి చూడాలనిపించింది.

ముందు తోలు పక్షం. తప్పెటలో అంగట్లో కొనేది తక్కువ, చేత్తో చేసేది ఎక్కువ. వేప, చింత వంటి చెక్కను ముక్కలుగా చెక్కి గుండ్రంగా జోడిస్తారు. తోలును నానబెట్టి, వెంట్రుక తీసి, గీకి పల్చన చేస్తారు. చెప్పుల తోలును పదును చేసినట్టు దీన్ని తంగేడు చెక్కతో పదును చెయ్యరు. పచ్చితోలుగానే సాగదీసి బిగిస్తారు, ఆరేకొద్దీ అది తనంతట తానే బిగుసుకుంటుంది. చట్రానికి తోలును పట్టి ఉంచేది చింతగింజల బంక. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా నూరి ఉడికిస్తే వచ్చే ఆ బంకకు ఫెవికాల్ కూడా సాటి రాదని చెప్పేవాళ్లున్నారు. హిందూపురం చింతపండు మార్కెట్‌కు ఎండాకాలం ముందు బండ్లు బారులు తీరుతాయి. ఈ ప్రాంతపు వాద్యం ఈ ప్రాంతపు చెట్టు గింజతోనే అతుక్కుంది. ఎంత చిన్న విషయమైనా నాకిది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

తోలు శబ్దం వేరు. ఇది కేవలం అభిమానం అనకండి, దీనికి కారణం ఉంది. తోలు అంతటా ఒకే మందంలో ఉండదు. వెన్ను వైపు ఒక రకం, పొట్ట వైపు మరో రకం. దాని నారలు కంపనాన్ని కొంత మింగేస్తాయి. దెబ్బ పడగానే శబ్దం నిండుగా లేచి, తొందరగా లోపలికి అణిగిపోతుంది. ఫైబర్ మూత పాలియెస్టర్ పొర, అంతటా ఒకే మందం. కంపనాన్ని మింగడం దానికి తెలియదు. అందుకే శబ్దం పదునుగా, గట్టిగా వస్తుంది, దూరం పోతుంది, గింగురుమంటూ కాసేపు నిలుస్తుంది. మైదానంలో అది బలమే. ఇరుకు వీధిలో పది తప్పెటలు కలిసి మోగినప్పుడు ఆ గింగుర్లు ఒకదాని మీద ఒకటి పడి దరువు మసకబారుతుంది. తోలు తప్పెటలు పది మోగినా ఏ దెబ్బ ఎక్కడ పడిందో తెలుస్తుంది.

వాయించే చెయ్యి కూడా మారుతుంది. తప్పెట ఎడమ భుజానికి వేలాడుతుంది. కుడిచేతిలో సిర్రా అనే లావుపాటి పుల్ల, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్రా మూత మీద బరువు వేస్తుంది, సిటికెన పుల్ల అంచు మీద ఆ బరువును ముక్కలు చేస్తుంది. తోలు మీద సిర్రా పడితే అది వెంటనే ఎగిరి రాదు, మణికట్టే దాన్ని లేపాలి. అలా లేపడంలో చిన్న విరామం వస్తుంది, ఆ విరామంలో దరువు కూర్చుంటుంది. ఫైబర్ మీద పుల్ల దానంతట అది ఎగిరి వస్తుంది. వేగంగా, చిటపటలాడుతూ వాయించడం సులువు. తీన్మార్‌కు అది హాయి. నెమ్మదైన చావు దరువుకు, దేవరను కదిలించే జాతర దరువుకు మాత్రం చెయ్యి ఆగాలి. ఫైబర్ మీదే నేర్చుకున్న చెయ్యికి ఆగడం ఆలస్యంగా వస్తుంది. తోలు పక్షంలో నాకు అన్నిటికంటే బలంగా తోచే వాదం ఇదే.

ఇక ఫైబర్ పక్షం. ఇది సౌకర్యం గురించిన వాదమేనని కొట్టిపారేస్తే అన్యాయం.

పచ్చితోలు గాలిలోని తేమను పీల్చుకుని సడలిపోతుంది. అనంతపురం సీమ కరువు నేల, ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఇంత పొడి నేలలో తోలుకు ఏం భయం, ఇది గోదావరి లంకల గొడవ కదా అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఇక్కడ వాన ఎక్కువగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. వినాయకుడి ఊరేగింపులు, దసరా, అంటే తప్పెటకు నాలుగు రూపాయలు వచ్చే రోజులు, సరిగ్గా అప్పుడే. జల్లులో ఊరేగింపు ఆగదు. తప్పెట మాత్రం మూగబోతుంది. తడిసిన వీధిలో మంటెక్కడ వేస్తారు? డబ్బు మాట్లాడుకుని వచ్చిన జట్టుకు ఆ రాత్రి మొగం చెల్లదు. సెగ ఎక్కువైతే తోలు పగులుతుంది, కొత్తది వేయించేదాకా ఆ మనిషికి పని లేదు.

రెండో మాట ఇంకా లోతైంది. తప్పెట ఈ నేలలో కేవలం వాద్యంగా బతకలేదు. అది ఒక కులం మీద వేసిన పని. మాదిగవాడు తోలు తియ్యాలి, తప్పెట కట్టాలి, చావుకు కొట్టాలి, ఊళ్లో చాటింపు వెయ్యాలి, ఆపై వాకిలి బయట నిలబడాలి. తోలు వాసన పేరు చెప్పి మనిషిని దూరం పెట్టారు. వాసనంటే ముక్కు మూసుకున్నవాళ్లే ఆ శబ్దం లేకుండా ఏ శుభమూ అశుభమూ జరుపుకోలేదు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు, ఏ డప్పు పేరు చెప్పి చిన్నచూపు చూశారో ఆ డప్పునే ఎత్తి పట్టుకున్నారు. అది ఒక దారి. చదువుకున్న కొడుకు ఇక మన ఇంట్లో తోలు తడపొద్దు అనడం మరో దారి. అంగట్లో కొనే ఫైబర్ తప్పెట ఆ కొడుక్కు ఒక వెసులుబాటు ఇచ్చింది. వాద్యం వదలకుండా తోలుపని వదలవచ్చు. ఏ కులం పిల్లాడైనా, ఆడపిల్లయినా డబ్బిచ్చి కొని భుజాన వేసుకోవచ్చు. తప్పెట ఎవరిదన్న ప్రశ్న అక్కడ కొంచెం తేలికపడింది. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా తోలు అంతరించిపోతోందని బాధపడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

కర్ణాటక సంగీతంలో ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు కావాలి. ఆ తోళ్లను ఎంచి, కోసి, వార్లు అల్లి, చెవికి తగ్గట్టు బిగించే తమిళ దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాశాడు. విద్వాంసుడి పేరు ప్రతి కచేరీ కరపత్రంలో ఉంటుంది, మృదంగం చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. కుడివైపు మూత మధ్య పూసే నల్లటి కరణి వల్లే మృదంగానికి శ్రుతి కుదురుతుంది. మామూలు గుండ్రటి పొర మీద దెబ్బ వేస్తే వచ్చే స్వరాల నిష్పత్తి 1, 1.59, 2.14 ఇలా ఉంటుంది, ఒకదానితో ఒకటి కలవవు. కరణి బరువు వాటిని సర్ది సంవాదులుగా మారుస్తుందని సి.వి. రామన్ 1920లోనే 'నేచర్' పత్రికలో చూపించాడు. ఆ లెక్కను చేత్తో తెలుసుకున్నది తోలు పనివాళ్లే. రామన్ తరవాత దశాబ్దాలకు, హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో కె. వరదరంగన్ అనే ఇంజనీరు, గాయకుడు, పాలియెస్టర్ మూతతో కృత్రిమ మృదంగం తయారుచేశాడు. తోలు ముట్టనివాళ్లు, విదేశాల్లో చలికీ తేమకూ తోలు నిలవనివాళ్లు దాన్ని సంతోషంగా తీసుకున్నారు. పాత చెవులు ఒప్పుకోలేదు. రెండూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి.

తప్పెటకు కరణి లేదు, శ్రుతి బాధ్యత లేదు. కాబట్టి ఫైబర్ దానికి చేసే నష్టం మృదంగానికి చేసేదానికన్నా తక్కువేనని ఎవరైనా అంటే నేను సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఇందాక చెప్పిన మణికట్టు దగ్గర ఆగిపోతుంది.

పాశ్చాత్య డ్రమ్ముల కథ ఈ తగవుకు మంచి అద్దం. వంద ఏళ్ల కిందట అమెరికాలో డ్రమ్ములకు దూడతోలే వేసేవాళ్లు. తేమ రాత్రుల్లో తోలు సడలకుండా పెద్ద డ్రమ్ము లోపల కరెంటు బల్బు వెలిగించి ఉంచేవాళ్లు. మన గడ్డిమంటకు అది అక్కడి రూపం. 1950లలో మైలార్ అనే పాలియెస్టర్ పొర వచ్చింది. 1956లో చిక్ ఎవాన్స్, 1957లో రెమో బెల్లీ దాంతో మూతలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఇద్దరూ డ్రమ్మర్లే. కొన్నేళ్లలోనే దూడతోలు దాదాపు మాయమైంది. వాన భయం పోయింది, పరికరం ఊళ్లకు ఊళ్లు తిరిగింది.

అక్కడ పాత డ్రమ్ములు సేకరించేవాళ్ల లోకం ఒకటి ఉంది. లడ్విగ్, గ్రెచ్, స్లింగర్లాండ్ వంటి డ్రమ్ కంపెనీల పేర్లు చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి. చెక్క ఎన్ని పొరలు, లోపల రంగు ఏది, బిళ్ల మీద అంకె ఎంత అని గంటలు మాట్లాడతారు. చికాగోలో 1990ల ఆరంభం నుంచి పాత డ్రమ్ములకూ చేత్తో చేసిన కొత్త డ్రమ్ములకూ ఏటా సంత జరుగుతోంది. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ తాను ప్రేమించిన జాజ్ వాద్యకారుల డ్రమ్ సెట్లు కొని దాచుకున్నాడు. బీటిల్స్ రింగో స్టార్ 1963లో వాడిన లడ్విగ్ సెట్టు 2015 డిసెంబరు వేలంలో ఇరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇందులో నాకు ముఖ్యంగా తోచిందొకటి ఉంది. 1963 నాటికి లడ్విగ్ డ్రమ్ములకు వేస్తున్నవి ప్లాస్టిక్ మూతలే. ఇవాళ ప్రపంచం 'పాత మధుర శబ్దం' అని కొలిచే ఆ శబ్దంలోనే ప్లాస్టిక్ ఉంది. అప్పటి పెద్దవాళ్లు దాన్నీ విని ముఖం చిట్లించే ఉంటారు. మరో అరవై ఏళ్లకు ఫైబర్ తప్పెట గొంతు కూడా ఎవరికైనా చిన్ననాటి గొంతు అవుతుంది. ఈ ఆలోచన నా పట్టును చాలా సడలించింది.

మన దగ్గర పాత తప్పెట సేకరించడమన్నది దాదాపు లేదు. ఎందుకంటే తప్పెటలో పాతబడి నిలిచేదేమీ లేదు. తోలు పగిలితే మారుస్తారు, చట్రం పుచ్చితే మారుస్తారు. తాత తప్పెట అన్నప్పుడు అందులో తాత కాలపు చెక్కముక్క ఒక్కటి మిగిలి ఉంటే గొప్ప. బెంగళూరులో 2019లో తెరిచిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ వంటి మ్యూజియంలు వాద్యాలను చూపడమే కాక, బయట తోటలో శబ్దాన్ని తట్టి చూసే వీలు కూడా కల్పించాయి. అది మంచి పని. అద్దాల పెట్టెలో పెట్టిన తప్పెట మాత్రం నన్ను కలవరపెడుతుంది. దాన్ని రక్షించామనుకుంటాం. దాని మంట, దాని మనిషి, అతనికి ఆ రాత్రి ఇచ్చిన కూలి, అతన్ని నిలబెట్టిన చోటు, ఏవీ ఆ పెట్టెలో పట్టవు. అయినా పెట్టకపోతే రేపటి పిల్లలకు చట్రం అతుకు ఎలా ఉండేదో కూడా తెలియదు. ఇక్కడ నాకు తేల్చి చెప్పే మాట లేదు. పెట్టెలో పెట్టినవాళ్లు పక్కనే చేసిన మనిషి పేరు రాస్తే సగం మేలు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ ప్రశ్నకు ఒక జవాబు వెతుక్కుంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు అది. ఆటలకు పిలుపులు తగ్గాక, అదే మేకతోలు మీద అదే రంగులతో దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు పని నిలిచింది, ఇళ్లు గడిచాయి. రామాయణం ఆడే రాత్రులు తగ్గిపోయాయి, తెర వెనక మద్దెలకు పని తగ్గింది. దీన్ని కొందరు విజయం అంటారు, కొందరు ఓటమి అంటారు. ఆ ఇళ్లలో పిల్లల చదువులు చూస్తే విజయమే. బొమ్మ నీడ ఆడక గోడకు అంటుకుని ఉండటం చూస్తే మనసు ఊరుకోదు. తోలు బతకడం వేరు, తోలుతో చేసే ఆట బతకడం వేరు. తప్పెట విషయంలో ఇది తిరగబడింది. ఆట బతికింది, తోలు పోతోంది. రెంట్లో ఒకటే దక్కేట్టయితే, ఆటను ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టడం నా వల్ల కాదు.

ఇక డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. వయసు మళ్లినవాడికి అది ఆసరా. కానీ అది వాయించే మనిషికి ఇచ్చేది. తోలు గీకి, చట్రం చెక్కి, బంక కాచే పనికి ధర కట్టినవాళ్లెవరూ లేరు. పెళ్లివాళ్లు జట్టుతో బేరమాడేటప్పుడు మంట వేసుకునే పావుగంటకు కూలి కడతారా? ఆలస్యమైందని కోప్పడతారు. అదే పెళ్లిలో ఫొటోగ్రాఫరు లైట్లు సర్దుకోవడానికి గంట తీసుకుంటే అందరూ ఓపిగ్గా నిలబడతారు. తోలు శబ్దమే కావాలనేవాళ్ల మీద నా ఫిర్యాదు ఇక్కడుంది. కోరిక వాళ్లది, ఖర్చు మాత్రం వాయించేవాడిది.

నా తూకం ఎటు మొగ్గిందో దాచను. వీధి ఊరేగింపుకు, వాన రోజులకు, తొలిసారి భుజాన వేసుకునే పిల్లలకు ఫైబర్ మంచిదే. దానివల్ల తప్పెట మోగే చోట్లు పెరిగాయి. జనం కూర్చుని వినే చోట, జాతరలో దేవర ముందు, కళాశాల వేదిక మీద, ఉత్సవాల్లో తోలు ఉండాలి. ఆ చోట్ల పిలిచేవాళ్లు రెండు రకాల కూలి ఇవ్వాలి, ఒకటి వాయించినందుకు, ఒకటి కట్టినందుకు. మంట వేసుకోవడానికి చోటు, సమయం కార్యక్రమంలో రాసి పెట్టాలి. కట్టే పని ఒకే కులం ఇంట్లో ఉండాలన్న పట్టు వదిలేసి, నేర్చుకోవాలనుకున్న ఎవరికైనా నేర్పే బడి ఒకటి ఈ సీమలో పెట్టినా చాలు. తోళ్లకు కొదవ లేని సీమ ఇది, గొర్రెలూ మేకలూ ఊరూరా ఉన్నాయి. చింతగింజలకు అసలే కొదవ లేదు.

ఇంత చెప్పాక కూడా ఒక వాద్యం నన్ను వెనక్కి లాగుతోంది. ఈ అనంతపురం సీమలోనే గంగమ్మ కొలువుల్లో మోగే ఉరుములు. ఉరుమును కొట్టడంతో పాటు రుద్దుతారు కూడా. వంకర పుల్ల మూత మీద జారుతుంటే లోపలి నుంచి ఒక మూలుగు లేస్తుంది, దూరాన మబ్బు ఉరిమినట్టే. దాన్ని పుట్టించేది పుల్లకూ తోలు గరుకుకూ మధ్య పట్టు. నున్నటి పొర మీద పుల్ల అలా పట్టుకుని జారుతుందా అని నా అనుమానం. తప్పెట విషయంలో నేను ఒప్పుకున్న రాజీ ఉరుముకు వర్తిస్తుందని చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఉరుములవాళ్ల ఇళ్లలో ఆ పుల్ల పట్టే కుర్రవాడు ఏ మూత మీద రుద్దుతాడో అతన్నే అడగాలి. వచ్చే ఎండాకాలం, హిందూపురంలో చింతపండు బండ్లు దిగే రోజుల్లో, జాతరలు మొదలవగానే వెళ్లి అడగాలని ఉంది.